ప్రధానాంశం ఎంచుకోబోతున్న మా మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి వసుధకు అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మూడవ సెమిస్టరు మొదలయ్యేలోగా అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, మానవ వనరులు అనే వాటిలో ఒకదానిని ప్రధానాంశంగా తీసుకోవాలనీ, దేనికి ఎంత జీతం వస్తుందో చెప్పేవారే తప్ప ఆ పని ఎలా ఉంటుందో చెప్పేవారు దొరకడం లేదనీ నీవు వ్రాసిన ఉత్తరం చదివాను. ముప్ఫై రెండేళ్లు కామర్స్ పాఠాలు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం నుంచి సంగీతం సాధన చేస్తున్నాను. నీకూ పాటంటే ప్రాణం కనుక, సరదాగా ఒక్కొక్క శాఖకూ ఒక్కొక్క సంగీతాన్ని జతచేసి చూపుతాను. ఆటగా చెబుతున్నా, ఇందులో ప్రతి మాటా నేను నమ్మినదే.

అకౌంటింగ్ అనగానే చాలామంది సరళీ వరుసలతో పోలుస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు, ఎందుకంటే అది కేవలం తొలిమెట్టు కాదు. త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాలను నేను దానికి జతచేస్తాను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ అయిదు కృతులూ ఆదితాళంలోనే ఉన్నాయి. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వందలాది విద్వాంసులు ఒక్క గొంతుగా వాటిని పాడగలుగుతున్నారంటే, అందరికీ పాఠం ఒకటే కావడం వల్లనే. ఆ గోష్ఠిలో ఎవరూ పాట పంక్తిని మార్చి మార్చి పాడే సొంత సంగతులు వేయరు. అకౌంటింగ్ ప్రమాణాలు ఉన్నదీ ఇందుకే. మన ఊళ్లోని జనపనార మిల్లు వారు తయారుచేసిన ఆస్తి అప్పుల పట్టీని ముంబయిలో కూర్చున్న మదుపరి ఎవరినీ అడగకుండా చదువుకోగలగాలి. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ అనే సన్యాసి అక్కడి వర్తకుల జంటపద్దు విధానాన్ని వివరించాడు. ప్రతి డెబిట్‌కూ సమానమైన క్రెడిట్ ఉండాలన్న ఆ నియమం నేటికీ చెక్కుచెదరలేదు. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు వైపులా సరిపోయినప్పుడు, తాళం ఒక చుట్టు, అంటే ఆవర్తనం, పూర్తయి దాని మొదటి దెబ్బ అయిన సమం మీద చెయ్యి పడినంత తృప్తి నీకు కలుగుతుందేమో గమనించు. ఆడిట్ మాత్రం తంబురా వంటిది. సభలో దాని వైపు ఎవరూ చూడరు కానీ, శ్రుతి తప్పినవాడిని పట్టి ఇచ్చేది అదే.

ఫైనాన్స్‌కు నా జత తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగ విద్వాంసుడు ఒంటరిగా వాయించే ఘట్టం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున లెక్కిస్తే ఆవర్తనానికి 32 మాత్రలు వస్తాయి. ఏడు మాత్రల జతిని (దెబ్బల వరుసను), మధ్యలో రెండేసి మాత్రల విరామంతో మూడుసార్లు వాయించడానికి 25 మాత్రలు పడుతుంది. కాబట్టి సమం దగ్గర నుంచి 7 మాత్రలు వదిలి ఎత్తుకుంటేనే ముక్తాయింపు, అంటే ఆ ముగింపు వరుస, తిరిగి సమానికి చేరుతుంది. అంటే ఆయన ముందు చేరవలసిన చోటును చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకుంటాడు. ప్రస్తుత విలువ లెక్క కూడా సరిగ్గా ఇదే: అయిదేళ్ల తర్వాత లక్ష రూపాయలు కావాలి, ఏటా 8 శాతం చక్రవడ్డీ వస్తుందనుకుంటే, ఈరోజు పక్కన పెట్టవలసినది సుమారు 68,058 రూపాయలు. భవిష్యత్తు నుంచి వర్తమానానికి నడిచే ఈ లెక్క నీకు ఆనందాన్నిస్తే ఫైనాన్స్ నీది. అయితే ఒక తేడా మరచిపోకు. తాళం మాట తప్పదు, మార్కెట్ మాత్రం తప్పుతుంది. ఆ 8 శాతం అనేది ఎప్పటికీ ఒక అంచనాయే.

మార్కెటింగ్‌కు మన విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్లు వేరే జత వెతకనక్కరలేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) 1919లో ఇక్కడి సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైనారు. హరికథ చెప్పే దాసు గారు సభను చదువుతారు. జనం కునుకు తీస్తున్నారని కనిపెడితే ఒక పిట్టకథ వేస్తారు, పండితులు ముందువరుసలో ఉంటే రాగాన్ని పెంచుతారు. బుర్రకథలో ఇంకొక అందం ఉన్నది. ప్రధాన కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతుంటే, పక్కనున్న హాస్యపు వంత మన మనసులో ఉన్న సందేహాన్నే పైకి అడుగుతాడు. వినియోగదారుడి సందేహాన్ని అతడి కంటే ముందుగా గుర్తించి జవాబు సిద్ధం చేసుకోవడం కంటే మార్కెటింగ్‌లో గొప్ప పాఠం లేదు. మాటకారితనం ఉన్నది కదా అని మాత్రమే ఈ శాఖలో చేరవద్దు; వినడం చేతనైనవారికే ఇది పట్టుబడుతుంది.

ఉద్యోగుల బాగోగులు చూసే మానవ వనరుల శాఖ పక్కవాద్యం. గాయకుడి ఆలాపనను నీడలా అనుసరించి, తన వంతు వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడి, కచేరీని నిలబెట్టే వయొలిన్‌ను తలచుకుంటే చాలు.

ఆపరేషన్స్ కోసం మన సీమ దాటి అమెరికాలోని డెట్రాయిట్‌కు వెళ్లాలి. అక్కడి లింకన్-మెర్క్యురీ కార్ల కర్మాగారంలో పనిచేసిన బెరీ గార్డీ, 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, మోటౌన్‌గా ప్రసిద్ధికెక్కిన పాటల సంస్థను ప్రారంభించాడు. ఇనుప చట్రంగా లోపలికి వెళ్లినది కారుగా బయటకు రావడం చూసినవాడు కనుక, పాటను వ్రాయడం, రికార్డు చేయడం, గాయకులకు నడక నేర్పడం వంటి పనులను దశలుగా విడదీసి, విడుదలకు ముందు నాణ్యతను తేల్చే సమావేశాలు కూడా పెట్టాడు. మోటౌన్ వారి సోల్ సంగీతం వింటూ ఈ వరుసను ఊహించుకోగలిగితే ఆపరేషన్స్ పొడిగా ఉంటుందన్న నీ భయం తీరుతుంది.

సొంతంగా వ్యాపారం పెట్టాలన్న ఆలోచన కూడా ఉన్నదని చివర చిన్న అక్షరాలతో వ్రాశావు. దానికి నీకు ఇష్టమైన హిప్ హాప్ జత. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అమ్మాయి, బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి ప్రవేశ రుసుము పెట్టి విందు ఏర్పాటు చేసింది. ఆమె అన్న డీజే కూల్ హెర్క్ అక్కడ రికార్డులు వేశాడు. పాటలో వాద్యాలు మాత్రమే మోగే భాగం వచ్చినప్పుడే జనం ఎక్కువగా నృత్యం చేస్తున్నారని గమనించిన అతడు, ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని ఆ భాగాన్నే సాగదీసే పద్ధతి కనిపెట్టాడు. కొత్త వాద్యం కొనలేదు. ఉన్న వాటితోనే, జనానికి కావలసినది ఇచ్చాడు. విందుకు లెక్కలు చూసుకున్న ఆ చెల్లెలిని కూడా నేను అంతే గౌరవంతో తలచుకుంటాను.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముగింపు లెక్కలలో నూటికి నూరు తెచ్చుకున్న ఒక విద్యార్థిని మార్కులు చూసి అకౌంటింగ్ వైపు నెట్టాను. మూడేళ్ల తర్వాత వచ్చి, రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా పద్దులు సరిచూడటం తనకు ఊపిరాడనివ్వడం లేదని చెప్పాడు. అతడు కచేరీ చేయగలడని చూశానే కానీ, ఆ సాధన రోజూ చేయగలడా అని నేను అడగలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే ప్రతి శాఖలోనూ కచేరీని కాక, తెల్లవారుజామున చేసే సాధనను చూడమని నిన్ను కోరుతున్నాను.

సెప్టెంబరులో పన్ను ఆడిట్ల ఒత్తిడి ఎక్కువగా ఉండే రోజులలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు కార్యాలయంలో వారం రోజులు కూర్చునేందుకు మీ నాన్నగారి ద్వారా అనుమతి అడుగు. రెండు శనివారాలు మీ వీధిలోని బట్టల దుకాణంలో నిలబడి, కొనకుండా వెళ్లిపోయినవారు ఏమన్నారో వ్రాసుకో. ఏదైనా ఒక కంపెనీ వార్షిక నివేదిక తీసుకుని, లాభం అంకె దగ్గర ఆగకుండా దాని వెనుకనున్న వివరణలు కూడా చదువు. ఏ పనిలో గడియారం వైపు చూడటం మరచిపోయావో ఆనాడే ఒక నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకో. సిరిమానోత్సవానికి ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చుకో. మనిద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య