హైదరాబాద్ వానలకు అడీనియం మొదలు ఎందుకు కుళ్లిపోతుంది?

వాన పడినందుకు కాదు, పడిన నీరు కుండీలోంచి త్వరగా దిగిపోనందుకు అడీనియం మొదలు కుళ్లుతుంది.

ఎడారి గులాబీ అని నర్సరీల్లో అమ్మే ఈ పొద పుట్టిల్లు సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్, తూర్పు ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పం. అక్కడ రాళ్ల గుట్టల మీద, ఇసుక నేలల్లో పెరుగుతుంది. వానలు కొన్నాళ్లే. ఆ నీరు రాళ్ల సందుల్లోంచి ఇంకిపోయేలోపు మొక్క తనకు కావలసినంత పీల్చుకుని, ఉబ్బిన కాండంలో దాచుకుని, మిగతా కాలమంతా ఆ నిల్వతోనే నెట్టుకొస్తుంది. అలా నీటితో నిండిన మెత్తటి కాండం చుట్టూ మట్టి రోజుల తరబడి తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లు తెగులు పట్టేస్తుంది.

ఒకే డాబా మీద రెండు కుండీలు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో నల్లమట్టి, ఇంకోదాంట్లో ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన ఎర్రమట్టి. జులై ముసురుకు మొదటిది మెత్తబడే అవకాశం చాలా ఎక్కువ. రెండోది అదే వానకు చిగురేస్తుంది.

ఎడారి మొక్క కదా, నీళ్లే అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఏప్రిల్, మే ఎండల్లో పూలు కావాలంటే మట్టి ఆరినప్పుడల్లా నిండుగా పోయాల్సిందే. డిసెంబరు చలికి ఆకులు రాల్చినప్పుడు మాత్రం దాహమనుకుని పోయకండి, అది నిద్ర. అన్నట్టు, ఇది గన్నేరు కుటుంబానిదే. పాలు విషం, కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోండి.