పిల్లల్లో పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపానికి కారణమైన జన్యువును ఎలా గుర్తిస్తారు?

అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, పదేపదే తీవ్రమైన ఇన్ఫెక్షన్ల పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలుండే ప్రోటీన్) లోపించిందని 1952లో ప్రకటించాడు. ఇటువంటి జబ్బు మగపిల్లలకే రావడం, తల్లి వైపు మేనమామల్లోనూ కనిపించడం వల్ల లోపం ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉందని ఊహించగలిగారు గానీ, యాంటీబాడీలను తయారుచేసే బీ కణాల ఎదుగుదలకు అవసరమైన బీటీకే జన్యువే దానికి మూలమని తేలడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది.

నేడు బిడ్డ డీఎన్‌ఏతో పాటు తల్లిదండ్రులది కూడా సీక్వెన్సింగ్ చేసి (అంటే అందులోని అక్షరక్రమాన్ని చదివి), ఆరోగ్యవంతుల్లో సాధారణంగా కనిపించే మార్పులను తొలగించి, మిగిలినవాటిని పరిశీలిస్తారు. అసలు కష్టం ఇక్కడే ఉంది. అరుదైన మార్పు దొరికినంత మాత్రాన అదే కారణమని చెప్పలేము. సంబంధిత ప్రోటీన్ కణాల్లో తయారవుతోందో లేదో ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరిశీలించే పద్ధతి) వంటి పరీక్షలతో చూడాలి, వీలైతే రోగి కణాల్లోకి లోపం లేని జన్యువును చేర్చినప్పుడు వాటి పనితీరు తిరిగి వస్తోందా అని నిర్ధారించుకోవాలి. నా దృష్టిలో ఈ కణ పరీక్షల దశ లేని ఫలితం, చాలాసార్లు, అనుమానమే తప్ప రుజువు కాదు.

రోగనిరోధక కణాలను దెబ్బతీసే ఏడీఏ ఎంజైము లోపం వంటివి తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యు ప్రతి అందినప్పుడే బయటపడతాయి కనుక, మేనరికపు పెళ్లిళ్లు ఉన్న మన కుటుంబాల్లో వంశవృక్షాన్ని వివరంగా అడగడం తప్పనిసరి. జన్యువు తెలిస్తే చికిత్స కూడా మారుతుంది: బీటీకే లోపానికి సాధారణంగా జీవితాంతం ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఇస్తారు, తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపమైన స్కిడ్‌కు ఎక్కువగా మూలకణ మార్పిడి చేస్తారు.