గ్రహాల పరిశోధనకు ఏం చదవాలి? షూమేకర్ నడిచిన దారి

గ్రహాల మీద పరిశోధన చేయాలంటే ఖగోళశాస్త్రమే చదవాలా అని అడిగారు. అక్కర్లేదు. ఈ రంగానికి బాట వేసిన అమెరికన్ యూజీన్ షూమేకర్ చదివింది భూగర్భశాస్త్రమే. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో 19 ఏళ్లకే డిగ్రీ, 1948లో మాస్టర్స్, ఆ ఏడాదే అమెరికా భూగర్భ సర్వేలో ఉద్యోగం, 1960లో ప్రిన్స్‌టన్ పీహెచ్‌డీ.

అసలు విశేషమంతా ఆ పరిశోధనలోనే ఉంది. అమెరికాలోని అరిజోనాలో ఉన్న మీటియర్ క్రేటర్ అనే పెద్ద గొయ్యి రాతిపొరలను ఆయన నెవాడా అణుపరీక్షల గుంతలతో పోల్చి చూశారు. విపరీతమైన ఒత్తిడికే ఏర్పడే కోయెసైట్ అనే ఖనిజం అక్కడి రాతిలో దొరికింది. ఆ గొయ్యి ఉల్క పడి ఏర్పడిందేనని దాంతో తేలిపోయింది.

అడిసన్స్ వ్యాధి (అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని జబ్బు) వల్ల తాను వ్యోమగామి కాలేకపోయినా, చంద్రయాత్రల అపోలో వ్యోమగాములకు రాళ్లను చదవడం నేర్పారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు కదిలిపోతుంది: 1999లో ఆయన చితాభస్మంలో కొంత చంద్రుణ్ని చేరింది.