మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి అక్కడి యూనివర్సిటీ సాయం తీసుకోవాలా, ఇక్కడ కన్సల్టెంట్‌కి డబ్బు కట్టాలా?

మీ పీహెచ్‌డీ అయిపోవస్తోంది, బెల్జియంలో ఒక ప్రొఫెసర్ హోస్ట్‌గా ఉంటానన్నారు, వాళ్ల రీసెర్చ్ ఆఫీసు నుంచి "అప్లికేషన్‌కి మేం సాయం చేస్తాం" అని మెయిల్ వచ్చింది. దాన్ని నమ్ముకోవచ్చా, హైదరాబాద్‌లో ప్రపోజల్ రాసిపెట్టే కన్సల్టెంట్‌ని పట్టుకోవాలా అన్నది మీ ప్రశ్న. ఆ మెయిల్‌కి ఈ వారమే జవాబు రాయండి. కన్సల్టెంట్‌కి రూపాయి కూడా కట్టొద్దు. నేనూ అనంతపురం నేలల మీద పీహెచ్‌డీ చేసి, పీహెచ్‌డీ తర్వాత పరిశోధనకి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఇదే మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ మీద బెల్జియం వచ్చాను. నా ప్రపోజల్‌ని నిలబెట్టింది ఇక్కడి ఆఫీసులో ఒక అడ్వైజర్.

ముందు ఒక మొహమాటం వదిలించుకోవాలి. మన యూనివర్సిటీల్లో ఆఫీసంటే సంతకం కోసం వెళ్లే చోటు, క్లర్కు గారి మూడ్ చూసుకుని వెళ్తాం. అదే అలవాటుతో ఇక్కడివాళ్లకి మెయిల్ పెట్టడానికి కూడా జంకుతాం. ఇక్కడి లెక్క వేరు. గ్రాంట్ ఒప్పందం యూరోపియన్ కమిషన్‌కీ యూనివర్సిటీకీ మధ్య జరుగుతుంది, మీరు ఆ యూనివర్సిటీ ఉద్యోగిగా చేరతారు. మీ జీతం కాక పరిశోధన ఖర్చులకీ నిర్వహణ ఖర్చులకీ విడిగా డబ్బు వాళ్లకే వస్తుంది. మీరు నెగ్గడం వాళ్లకీ లాభం. అందుకే అడ్వైజర్లని పెట్టుకుని ఉచితంగా చేస్తారు. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు, ఎంత కావాలంటే అంత అడగండి.

పోటీ ఎలాంటిదో కూడా తెలిసి దిగండి. 2024లో 10,360 అప్లికేషన్లు వస్తే 1,696 మందిని తీసుకున్నారు. 2025లో అప్లికేషన్లే 17 వేలు దాటాయి. సైన్స్ బాగున్న ప్రపోజల్స్ ఇందులో బోలెడు ఉంటాయి. అసలు తేడా మిగతా భాగాల్లో వస్తుంది. మార్కుల్లో ఎక్సలెన్స్‌కి (పరిశోధన నాణ్యత) 50 శాతం, ఇంపాక్ట్‌కి (దానివల్ల కలిగే ప్రభావం) 30, ఇంప్లిమెంటేషన్‌కి (పని ప్రణాళిక) 20. మనవాళ్లు మొదటిదానికే ప్రాణం పెట్టి, తక్కిన రెండూ చివరి వారంలో నింపేస్తారు.

నా ఇంపాక్ట్ డ్రాఫ్ట్‌లో "ఈ పరిశోధన సుస్థిర వ్యవసాయానికి ఎంతగానో తోడ్పడుతుంది" అని ఒక వాక్యం ఉండేది. అడ్వైజర్ దాని పక్కన మూడు ప్రశ్నలు రాసింది: ఎవరికి? ఎప్పటికి? తోడ్పడిందని ఎలా తెలుస్తుంది? వాటికి జవాబు వెతుక్కుంటూ పోతే ఆ వాక్యం అర పేజీ అయింది. వర్షాధార వేరుశనగ రైతులు, భాస్వరాన్ని మొక్కకి అందించే బాక్టీరియాతో జీవన ఎరువులు తయారుచేసే సంస్థలు, ఫలితాలు పొలం దాకా చేరాలంటే కృషి విజ్ఞాన కేంద్రాలు, బాక్టీరియా డీఎన్‌ఏ సీక్వెన్స్ డేటా ఎవరైనా వాడుకునేలా యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ అనే ఉచిత డేటాబేస్‌లో పెట్టడం, ఏది ఏ నెలకి అన్నది. ఆ మూడు ప్రశ్నలు మీ డ్రాఫ్ట్‌లో ప్రతి పెద్ద మాట పక్కనా రాసుకోండి.

ఇంకో చోట ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎక్సలెన్స్‌లో మీకూ హోస్ట్ ల్యాబ్‌కీ మధ్య జ్ఞానం రెండు వైపులా ఎలా నడుస్తుందో రాయాలి. మనం నేర్చుకోబోయేది పేజీలకి పేజీలు రాస్తాం, మనం ఇచ్చేది ఒక లైనుతో సరిపెడతాం. "ఈ ల్యాబ్‌లో ఎవరికీ రానిది నీకేం వచ్చు?" అని ఆమె వీడియో కాల్‌లో సూటిగా అడిగింది. ఎండి బీటలువారిన ఎర్రనేలల నుంచి బతికున్న బాక్టీరియాని వేరు చేయడం, రైతు పొలంలోనే ప్రయోగం నడపడం అని చెప్పాను. "అది రాయి, శిక్షణగా ఇస్తానని రాయి" అంది. మీరు తీసుకెళ్లేది ఏమిటో ఇప్పుడే ఒక కాగితం మీద పెట్టుకోండి. పెద్దవాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకోకూడదన్న మన పెంపకం మంచిదే, కానీ ఈ ఫారంలో దానికి చోటు లేదు.

ఎథిక్స్ భాగం కూడా ఆఫీసుకి చూపించకుండా వదలకండి. యూరోపియన్ యూనియన్ బయట పని ఉందా, అక్కడి నుంచి నమూనాలు తెస్తున్నారా అని అడుగుతారు. మన దేశం నుంచి మట్టిలోని సూక్ష్మజీవుల్లాంటి జీవ వనరులు బయటికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ నిబంధనలు ఉన్నాయి. ఆ అనుమతి ఎవరు తెస్తారు, ఎంత కాలం పడుతుంది అన్నది పని ప్రణాళికలోనే కనిపించాలి.

ఆఫీసు వాళ్లు రెడీమేడ్ పేరాలు కూడా ఇస్తారు: యూనివర్సిటీ సౌకర్యాలు, ఓపెన్ సైన్స్ విధానం, జెండర్ ఈక్వాలిటీ ప్లాన్. తీసుకోండి, కానీ యథాతథంగా అతికించకండి. అదే యూనివర్సిటీ నుంచి ఎంతోమంది అవే పేరాలు వాడతారు, మూల్యాంకనం చేసేవాళ్లు గుర్తుపడతారు. పైగా ప్రపోజల్‌లో ఈ మూడు అంశాలూ రాసే బి1 అనే ముఖ్య భాగానికి 10 పేజీలే పరిమితి, దాటిన పేజీలు వాళ్లకి కనబడవు. ఆఫీసు చేయలేనిది సైన్స్. ప్రశ్న బలంగా ఉందా, పద్ధతి సరైనదా అన్నది మీ ప్రొఫెసరే చూడాలి. ఆయన డ్రాఫ్ట్ ఎన్నిసార్లు చదువుతారో ముందే అడగండి. ఊరికే సరే అని ఆగస్టులో సెలవులకి వెళ్లిపోయే హోస్ట్‌లు ఉంటారు, యూరప్‌లో ఆ నెల ఎవరూ దొరకరు.

అప్లికేషన్లు వసంతంలో తెరిచి సెప్టెంబరు మొదటి పక్షంలో మూస్తారు, బ్రస్సెల్స్ టైము సాయంత్రం 5 గంటలకి. కానీ చాలా యూనివర్సిటీలు లోపల తమ సొంత గడువు అంతకు నెలల ముందే పెడతాయి, అది దాటితే ప్రపోజల్ రాయడం నేర్పే వాళ్ల మాస్టర్‌క్లాస్‌లో చోటు ఉండదు. మొదటి మెయిల్‌లోనే ఇవి అడగండి: లోపలి గడువు ఎప్పుడు, డ్రాఫ్ట్ ఎన్నిసార్లు చదువుతారు, గతంలో నెగ్గిన ప్రపోజల్ ఒకటి చూపిస్తారా, పన్నులు పోను చేతికెంత వస్తుంది. ప్రకటించే జీతంలో యజమాని కట్టే వాటాలూ కలిసి ఉంటాయి, పెద్ద అంకె చూసి ఇంట్లో చెప్పేయకండి. వైవా సంగతీ తేల్చుకోండి. మన దగ్గర బయటి ఎగ్జామినర్ల రిపోర్టులకే నెలలు పడుతుంది, గడువు నాటికి పీహెచ్‌డీ పూర్తయినట్టు ఏ కాగితం చూపిస్తే ఒప్పుకుంటారో ఆఫీసుకే తెలుస్తుంది.

మీ హోస్ట్ చిన్న యూనివర్సిటీ అయి ఇంత సాయం లేకపోతే, ఎంఎస్‌సీఏ-నెట్ (ఈ మేరీ క్యూరీ పథకాలకి సలహా ఇచ్చే వివిధ దేశాల కేంద్రాల నెట్‌వర్క్) వాళ్లు పెట్టే హ్యాండ్‌బుక్ ఉచితం. ప్రపోజల్ టెంప్లేట్‌ని వరుసగా విడమరిచి చెబుతుంది. ఈ నిధుల మీద సలహా ఇచ్చే బెల్జియం నేషనల్ కాంటాక్ట్ పాయింట్లూ, యూరప్ వెళ్లాలనుకునే పరిశోధకులకి సమాచారం ఇచ్చే యూరాక్సెస్ ఇండియా వాళ్లూ కూడా డబ్బు తీసుకోరు.

ఒకవేళ జులైలో డ్రాఫ్ట్ చదివి అడ్వైజర్ "ఈ ఏడాది ఆగు" అంటే ఆ మాట వినండి. నిర్ణీత గీత కన్నా తక్కువ మార్కులొస్తే, అదే హోస్ట్‌తో తర్వాతి ఏడాది మళ్లీ వేయనివ్వరు. 2025లో ఆ గీత 70 శాతం, మీరు వేసే ఏడాదికి ఎంతో కమిషన్ నిబంధనలు ప్రకటించే వర్క్ ప్రోగ్రాంలో చూసుకోండి. 85 శాతం, ఆపైన వచ్చీ నిధులు చాలక ఆగిపోతే మాత్రం సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే నాణ్యతా ధ్రువపత్రం ఇస్తారు. ఇటలీలో పాదువా యూనివర్సిటీ లాంటివి ఆ సీల్ ఉన్నవాళ్లకి సొంత డబ్బుతో ఫెలోషిప్ ఇచ్చాయి. మీ హోస్ట్ దగ్గర అలాంటిది ఉందేమో, అదీ ఆ మొదటి మెయిల్‌లోనే అడిగేయండి.