కుక్కపిల్లను తెచ్చుకునే ముందు వేయవలసిన లెక్క

ఖమ్మం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కుక్కపిల్లల ఫొటోలూ మీ పెద్దమ్మా నేనూ చూశాము. వాటిలో ఏ జాతిది తెచ్చుకోమంటావని అడిగావు. ఉద్యోగం, అద్దె ఇల్లు, నెలనెలా కట్టే లోను వాయిదా, వీటన్నిటి మధ్య కుక్కను సరిగ్గా పెంచగలనా అన్న సందేహాన్ని మాత్రం చివర ఒక్క వాక్యంలో రాశావు. నాకు ఆ చివరి వాక్యమే అసలు ప్రశ్నగా కనిపించింది కనుక ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో కుక్క ఉంటూనే ఉంది. అందులో పాతికేళ్లకు పైగా నేను బ్యాంకు ఉద్యోగంలో, మూడు నాలుగేళ్లకొక బదిలీతో గడిపినవాణ్ణి. ఆ అనుభవంతో రాస్తున్న మాటలివి.

కుక్కను పెంచగలమా అని ఆలోచించేటప్పుడు అందరమూ మనకు తీరిక ఉన్న రోజునే కళ్లముందు పెట్టుకుంటాము. ఆదివారం ఉదయం దాన్ని పార్కుకు తీసుకెళ్లడం, సాయంత్రం ఒళ్లో పడుకోబెట్టుకోవడం గుర్తుకొస్తాయి. నువ్వు లెక్క వేయవలసింది నీకు అన్నిటికన్నా కష్టమైన రోజుకు. ఆఫీసులో రిలీజు ఉన్న వారం, రాత్రి పదింటిదాకా పని, బయట కుండపోత వాన, జీతం పడటానికి ఇంకా నాలుగు రోజులు, ఫ్లాటులో నీతో ఉండే స్నేహితురాలు ఊరెళ్లింది. ఆ రోజు ఆ కుక్కను ఎవరు బయటికి తిప్పుతారు, దానికి విరేచనాలు పట్టుకుంటే ఎవరు ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెడతారు, ఆ బిల్లు ఏ ఖాతాలో నుంచి కడతావు? ఈ మూడింటికీ నీ దగ్గర పేరూ అంకే ఉన్న జవాబులు ఉంటే నిశ్చింతగా తెచ్చుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. 1994లో నేను మధిర బ్రాంచిలో ఉండగా వెనకింటివాళ్లు ఒక కుక్కపిల్లను ఇచ్చారు. టామీ అని పేరు పెట్టుకున్నాము. రెండు నెలలు నిండగానే ఖమ్మం తీసుకెళ్లి టీకా వేయించమని పశువైద్యశాలలో చెప్పారు. అది మార్చి నెల, బ్యాంకులో ఏడాది లెక్కల క్లోజింగు. క్లోజింగు అయిపోయి, జీతం చేతికి వచ్చాక వెళ్దాములే అని వాయిదా వేశాను. మార్చి 29న పొద్దున అది ఒకసారి వాంతి చేసుకుంది. ఏదో తిని ఉంటుందనుకుని పెరుగన్నం కలిపి పెట్టి బ్రాంచికి వెళ్లిపోయాను. అప్పుడు మీ పెద్దమ్మ పుట్టింట్లో ఉంది. నేను తిరిగి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. గిన్నెలో పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఎండి అంచులు విడిచి ఉంది. స్కూటరు చప్పుడు వినగానే గేటు దాకా రావలసిన పిల్ల, తలుపు మూల గోనెపట్టా మీద పడుకునే తోకను ఒక్కసారి కదిపింది. పట్టా నిండా నెత్తుటి విరేచనం, ఇప్పటికీ ముక్కులో ఉన్న ఆ వాసన. తెల్లవారాక డాక్టరుగారు మెడ మీద చర్మం పట్టుకుని లాగి వదిలితే అది వెనక్కి పోలేదు, ఒంట్లో నీరంతా పోయిందన్నారు. సెలైను పెట్టారు. మధ్యాహ్నానికి చనిపోయింది. అది పార్వో అనే వైరస్ జబ్బు అని, వేళకు టీకా పడి ఉంటే దాదాపుగా రాకుండా ఆపగలిగేదని, ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది గనుక ఏడాదిపాటు ఇంకో పిల్లను ఆ ఇంటికి తీసుకురావద్దని ఆయన చెప్పారు. ఆ టీకాకు అయ్యే ఖర్చు నా జీతంలో లెక్కలోకి రాదు. మిగిలింది అర రోజు సెలవు. ఆ రెండింటికీ నేను వేసిన వాయిదా ఒక ప్రాణం తీసింది.

అందుచేత మొదట సెలవుల సంగతి చూడు. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. మూడు నెలలప్పుడు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా తిరిగి వేయించాలి. మధ్యలో నులిపురుగుల మందు ఉంటుంది. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధి కుక్కలు తిరిగే నేల మీద దింపకూడదు. అంటే మొదటి మూడు నెలల్లోనే నాలుగైదు సార్లు అర రోజు సెలవు కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు, రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. నీ ఆఫీసు తొమ్మిది గంటలు, రాకపోకలకు రెండు గంటలు. నువ్వు ఆఫీసుకు వెళ్లే మూడు రోజులూ పదకొండు గంటలపాటు గదిలో ఒంటరిగా ఉన్న పిల్ల ఇల్లంతా పాడుచేస్తుంది, చెప్పులు, వైర్లు కొరుకుతుంది, రోజంతా ఏడుస్తుంది, పక్క ఫ్లాటువాళ్లు నీకు ఫిర్యాదు చేస్తారు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

పెద్ద కుక్కయినా నాలుగైదు గంటలకొకసారి మనిషి ముఖం చూడాలి. నేను ఆ మనిషిని సంపాదించుకున్నాను. ఖమ్మంలో మా ఎదురింట్లో రిటైరైన టీచరుగారు ఒంటరిగా ఉండేవారు. మధ్యాహ్నం అప్పటి మా కుక్క మోతీని ఒకసారి బయటికి వదిలి, నీళ్లు మార్చి, మళ్లీ లోపల పెట్టేవారు. మొదట్లో ఆమె డబ్బు వద్దన్నారు. నేను మాత్రం నెల మొదటి తారీఖున కవరులో పెట్టి ఇచ్చేవాణ్ణి, ఎందుకంటే ఉచితంగా చేసే సాయాన్ని అడగడానికి మొహమాటపడతాము, ఆ మొహమాటం పడిన రోజున కుక్క ఆకలితో ఉంటుంది. నీకు హైదరాబాదులో జీతానికి కుక్కలను తిప్పేవాళ్లు దొరుకుతారు, పగలంతా చూసుకునే డేకేర్లూ ఉన్నాయి. వాళ్లను కుక్క వచ్చాక వెతకడం మొదలుపెట్టకు. ముందే కలిసి, వాళ్ల దగ్గరున్న కుక్కలు ఎలా ఉన్నాయో చూసి, నెలకు ఎంతవుతుందో కాగితం మీద వేసుకో. ఆ మొత్తం కట్టలేని స్థితిలో ఉంటే, ఈ ఏడాదికి ఆగడం ఆ కుక్కకూ నీకూ మేలు.

ఇక డబ్బు. నువ్వు ఫొటోల కింద రాసిన ధరలు చూశాను. కొన్న ధర మొత్తం ఖర్చులో చాలా చిన్నది, ఎందుకంటే కుక్క పది పదమూడేళ్లు బతుకుతుంది. మా మల్లి పద్దెనిమిది కిలోల నాటు కుక్క, దాని ఖర్చు నేను వేరే పుస్తకంలో రాస్తాను. గడచిన ఏడాది తిండికి 24,000, టీకాలకూ నులిపురుగుల మందుకూ 3,200, పిడుదుల మందుకు 4,800, వానాకాలంలో పిడుదుల వల్ల జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తపరీక్షలకూ వైద్యానికీ 9,500, మెడపట్టీ, గొలుసు, షాంపూ వగైరాకు 2,500, వెరసి 44,000 రూపాయలు అయింది. ఇది ఖమ్మంలో, సొంత ఇంట్లో, పగలు మేమిద్దరమూ ఇంట్లోనే ఉండగా అయిన ఖర్చు. నీకు దీనిపైన చూసుకునే మనిషి జీతం కూడా కలుస్తుంది.

ఆ 9,500 చూశావు కదా, అదే మనుషుల్ని దెబ్బతీసే ఖర్చు. నెల ఖర్చును ఎలాగో సర్దుకుంటారు, ఒక్కసారిగా వచ్చిపడే ఖర్చు దగ్గర చేతులెత్తేస్తారు. బ్యాంకు మనిషిగా నా సలహా, కుక్కను తెచ్చుకునే ముందే దాని కోసమని వేరుగా ఒక రికరింగు డిపాజిట్టు మొదలుపెట్టు. నెలకు 1,500 చొప్పున రెండేళ్లు వేస్తే అసలే 36,000 అవుతుంది. ఆ డబ్బును పండగకీ ప్రయాణానికీ ముట్టుకోకు. మొదటి ఆరు నెలలు కుక్క లేకుండానే ఆ వాయిదా కట్టి చూడు, నీ జీతంలో దానికి చోటుందో లేదో తేలిపోతుంది. కొన్ని బీమా కంపెనీలు కుక్కలకు పాలసీలు ఇస్తున్నాయి. తీసుకో, కాని ఏ జబ్బులను మినహాయించారో చదవకుండా సంతకం పెట్టవద్దు.

ఎక్కడ తగ్గించుకోవచ్చో కూడా చెబుతాను. చొక్కాలు, పుట్టినరోజు కేకులు, పార్లర్లు, రంగురంగుల పరుపులు కుక్కకు అక్కర్లేదు. పాత దుప్పటి చాలు. వైద్యానికి ప్రైవేటు క్లినిక్కులే దిక్కు అనుకోనక్కర్లేదు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ డబ్బు తక్కువ, వేచి ఉండే సమయం ఎక్కువ, కనుక సెలవు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. తగ్గించుకోకూడనివి టీకాలు, పిడుదుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషను, తిండి. మన ఇళ్లలో కుక్కంటే మిగిలిన పెరుగన్నం అనే అలవాటు ఉంది. అన్నం ఒక్కటే పెడితే దానికి కావలసిన మాంసకృత్తులు అందవు. గుడ్డు, ఉడికించిన కోడి మాంసం కలిపి, ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా లేకుండా పెట్టాలి. ఉడికిన ఎముకలు పెట్టకూడదు, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. చాక్లెట్టు, ద్రాక్ష, చివరికి చక్కెర పొంగలిలోని కిస్‌మిస్ కూడా దానికి విషమే. జ్వరం వచ్చింది కదా అని మన పారాసిటమాల్ మాత్ర వేయడం అన్నిటికన్నా ప్రమాదం.

నువ్వు అద్దె ఇంట్లో ఉన్నావు. అపార్టుమెంటు సంఘాలు కుక్కలను పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల్లో ఉంది. అయినా ఇంటి యజమాని అనుమతిని ఒప్పందంలో రాయించుకో, నోటిమాట మీద ఆధారపడకు. జీహెచ్ఎంసీలో లైసెన్సు తీసుకో. కిందికి తీసుకెళ్లినప్పుడు దాని మలాన్ని నీ చేత్తో ఎత్తిపారెయ్, లిఫ్టులో పిల్లలు ఉంటే తరువాతి లిఫ్టు కోసం ఆగు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షనులో ఒక మాట ఉంది, చాలామందికి తెలియదు. ఎప్పుడూ గొలుసుతోనో ఇరుకు గదిలోనో ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. కారణం లేకుండా వదిలేయడమూ నేరమే. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని చేస్తూ కుక్కలను తెచ్చుకుని, ఆఫీసులు తెరవగానే ఎవరికో అప్పగించి చేతులు దులుపుకున్నవాళ్లను నేను చూశాను. బదిలీలు నాకూ వచ్చాయి. 1999లో సామాన్ల లారీ వెనక మోతీ పక్కన కూర్చుని రాత్రంతా ప్రయాణం చేశాను. కొత్త ఊళ్లో ముగ్గురు ఇంటివాళ్లు కుక్క ఉందని కాదంటే, నాలుగో ఆయనకు నెలకు రెండు వందలు ఎక్కువ ఇచ్చి ఊరి చివర ఇల్లు తీసుకున్నాను. నీకు రేపు బెంగళూరో, పై దేశమో, పెళ్లో రావచ్చు. అప్పుడు ఈ కుక్క ఎక్కడుంటుందో ఇప్పుడే మీ అమ్మానాన్నలతో మాట్లాడు. వాళ్లు చూసుకుంటారులే అని నువ్వు అనుకోవడం వేరు, వాళ్లు ఒప్పుకోవడం వేరు.

ఇప్పుడు నువ్వు అడిగిన జాతి సంగతి. మొదటి ఫొటోలోని హస్కీని మాత్రం తేవద్దు. అది మంచు దేశపు ఒత్తు బొచ్చు కుక్క. నలభై డిగ్రీలు దాటే ఎండలో దాన్ని ఉంచాలంటే పగలంతా ఏసీ నడవాలి, ఆ కరెంటు బిల్లూ నీదే. చప్పిడి ముక్కు పగ్ కూడా మన వేసవిలో ఊపిరి అందక బాధపడుతుంది. లాబ్రడార్ మంచిదే, కాని రోజుకు గంటకు తక్కువ కాకుండా పరిగెత్తించాలి. నన్నడిగితే అసలు పిల్లనే వద్దంటాను. రెండు మూడేళ్లు నిండిన నాటు కుక్కను దత్తత తీసుకో. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి ఈ పనిలో ఉంది, అక్కడికి వెళ్లి రెండు మూడు సార్లు చూసి, దానితో కాసేపు గడిపి నిర్ణయించుకో. పెరిగిన కుక్క స్వభావం ముందే తెలుస్తుంది, నాలుగైదు గంటలు ఆగగలదు, మన ఎండలకు తట్టుకుంటుంది. పిల్లే కావాలని పట్టుబడితే, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని నిబంధన ఉంది, అమ్మజూపేవాడి గుమ్మం తొక్కకు. తల్లిని చూపించనివాడి దగ్గర కూడా కొనకు.

వచ్చే నెల మీ పెద్దమ్మా నేనూ తొమ్మిది రోజులు కాశీ వెళ్తున్నాము. మీ ఇంటి యజమాని ఒప్పుకుంటే మల్లిని తీసుకొచ్చి నీ దగ్గర వదులుతాను. ఆ తొమ్మిది రోజులకు సెలవు పెట్టకు, నీ ఆఫీసు నీ రాకపోకలు యథావిధిగా సాగనీ. మధ్యాహ్నం చూసే మనిషిని నువ్వే కుదుర్చుకో, జీతం నువ్వే ఇవ్వు. దానికి పొద్దున ఆరున్నరకూ రాత్రి ఎనిమిదికీ తిండి, కుక్కరు విజిల్ వస్తే మంచం కిందికి దూరుతుంది, అప్పుడు పిలవకుండా వదిలేస్తే దానంతటదే వస్తుంది. ఒక పుస్తకంలో రోజూ ఎన్ని గంటలు ఒంటరిగా ఉందో, ఎంత ఖర్చయిందో, ఏ రోజు నీకు చేతకాలేదో రాసి ఉంచు. కాశీ నుంచి వచ్చాక ఆ పుస్తకం ఇద్దరమూ కూర్చుని చూద్దాము. టీకాల కార్డూ, గొలుసూ, అది పడుకునే దుప్పటీ నాతో తెస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న