చలికి నల్లబడిన డాలియా, మందారం: పీకేయొద్దు, మొదలు కాపాడండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. చింతపల్లి మండలం లంబసింగి దగ్గర 20 సెంట్లలో డాలియా, మెట్టతామర, జెరానియం, మందారం పెంచుతున్నాం. సంక్రాంతి ముందు చలికి ఆకులు రాత్రికి రాత్రే నల్లబడి వేలాడిపోయాయి. పీకేసి కొత్తవి వేయాలా?

సలహా: వద్దు. పోయింది పైభాగమే. అక్కడ మంచు పేరుకున్నా నేల లోపల గడ్డకట్టదు కాబట్టి వేర్లు, దుంపలు చాలావరకు బతికే ఉంటాయి.

ముందుగా మందారం కాండాన్ని గోటితో కాస్త గీకి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికినట్లే, గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండినట్లు. అయినా ఇప్పుడే కత్తిరించొద్దు. కత్తిరిస్తే లేత చిగుళ్లు వస్తాయి, తర్వాతి చలిరాత్రికి ముందు మాడేవి అవే. ఫిబ్రవరి చివర, చలి తగ్గాక, పచ్చదనం కనిపించే చోటికి కత్తిరించండి. యూరియా కూడా అప్పటిదాకా వేయొద్దు. కోలుకోవాలని ఇప్పుడు వేసే యూరియా చేటే చేస్తుంది.

డాలియాలో జాగ్రత్త ఎక్కువ కావాలి. నల్లబడిన కాడలను నేలకు జానెడు ఎత్తులో కోసి, వారం ఆగండి. తర్వాత మొదలుకు అడుగు దూరంలో చుట్టూ గడ్డపారతో వదులు చేసి, కింది నుంచి దుంపల గుత్తిని ఎత్తండి. కాడ పట్టి లాగితే దుంప మెడ విరుగుతుంది. చిగురు వచ్చే కన్ను దుంప మీద ఉండదు, పాత కాడ మొదట్లో ఉంటుంది. మెడ విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. కాడ బోలుగా ఉంటుంది, అందులో నీరు నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. అందుకే రెండు రోజులు నీడలో తలకిందులుగా ఆరబెట్టండి. కుళ్లు పట్టకుండా లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంద్రనాశక మందు) కలిపి 20 నిమిషాలు ముంచి, ఆరాక పొడి ఇసుకలోగానీ కొబ్బరి పొట్టులోగానీ పెట్టండి. విశాఖకు మాత్రం తేవొద్దు. ఇక్కడి ఉక్కకు కుళ్లడమో ముందే మొలవడమో జరుగుతుంది. కొండ మీదే చల్లని గదిలో ఉంచి, నెలకోసారి చూసి మెత్తబడినవి ఏరేయండి. ముడతలు పడుతుంటే పొట్టు మీద నీళ్లు చిలకరిస్తే చాలు.

మెట్టతామర దుంపలు తవ్వనక్కర్లేదు. నీరు నిలవని చోటైతే నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డి కప్పండి. జెరానియాలను కుండీల్లోకి మార్చి వరండాలో పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి.

గాలి లేకుండా ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులే అసలు ప్రమాదం. పల్లపు మడుల్లోకి చల్లగాలి దిగి నిలుస్తుంది, నష్టమూ అక్కడే ఎక్కువ. అలాంటి రోజు మధ్యాహ్నమే నేలకు తేలికపాటి తడి ఇవ్వండి. తడి నేల పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. పొద్దుగుంకక ముందే కర్రలు పాతి, గోనెసంచులో పాత దుప్పట్లో నేలను తాకేలా కప్పండి. పాలిథిన్ ఆకులకు తగిలితే తగిలినచోటల్లా మాడుతుంది. పొద్దున ఎండ వచ్చాక తీసేయండి.

మార్చిలో డాలియా గుత్తిని, ప్రతి ముక్కకూ ఒక కన్ను ఉండేలా కోసి, అడుగు ఎత్తు మడుల మీద నాటండి. ఆ కొండల్లో దుంపలకు చలికన్నా వానాకాలంలో నిలిచే నీరే పెద్ద శత్రువు.