పెద్దబాతు పిల్లలు ఇంటికి వచ్చేలోగా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి బిడ్డకు,

మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు వచ్చే వారం ఆరు పెద్దబాతు పిల్లలను తెస్తున్నావని, వాటి కోసం పాత కొట్టం పక్కన నాలుగు వైపులా, పైన కూడా సన్నకన్ను జాలీ వేయించావని, ఆ జాలీ అంచును జానెడు లోతున భూమిలోకి దింపించావని ఎంతో మురిసిపోతూ చెప్పాడు. హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ కూడా ఊళ్ళో ఇంటిని పాడుపెట్టకుండా, వాకిట్లో మళ్ళీ ప్రాణులు తిరగాలని కోరుకున్నావు చూడు, అది విని నాకు కడుపు నిండింది. "అంత గట్టి జాలీ ఎందుకురా?" అని అడిగాను. "చిన్నప్పుడు నీ ఇంట్లో బాతుపిల్లలను ముంగిస ఎత్తుకపోయింది కదా అక్కా, దానికి ఆ భయం ఇంకా పోలేదు" అన్నాడు. తరువాత దాణా సంగతి అడిగాను. యాసంగి మక్కలు మూడు సంచులు వెనుక అర్రలో ఉన్నాయని, ఈ వానలకు ఆ అర్ర కొంచెం ఉరిసినా మక్కలకేమీ కాలేదని, వాటినే పట్టించి పెడతావని చెప్పాడు. ఆ మాట విన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవే అయినా కొన్ని మాటలు ముందు రాస్తాను. పిల్ల రాగానే మొదట నీళ్ళు తాగించు, దాణా ఆ తరువాత. మొదటి వారం వాటి దగ్గర ముప్పై రెండు డిగ్రీల వేడి ఉండాలి; వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పో. థర్మామీటరు కన్నా పిల్లలనే నమ్ము: బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి పెడుతున్నట్టు, నోరు తెరిచి దూరంగా జరుగుతుంటే వేడి ఎక్కువైనట్టు. కింద పేపరు పరచకు, కాళ్ళు జారి రెండు పక్కలకు విచ్చుకుపోతాయి. మొదటి నాలుగు రోజులు ఊక కూడా వద్దు, అది దాణా అనుకుని మింగుతాయి. ఉతికి ఆరేసిన గోనెపట్టా పరిచి రోజూ మార్చు. నీళ్ళ మూకుడు ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి గాని పిల్ల అందులోకి దిగేంత వెడల్పు ఉండకూడదు. తల్లి కింద పెరగని పిల్లకు ఈకలమీద నూనె పూత ఉండదు, తడిస్తే చలికి బిగుసుకుపోతుంది. కాబట్టి చెరువు ముచ్చట ఇప్పుడే వద్దు, ఒళ్ళంతా ఈకలు వచ్చిన తరువాత చూద్దాం.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయానికి వస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా నీ దగ్గర దాచిన మాట అది.

2001 దసరా సెలవులకు నువ్వు మా ఇంటికి వచ్చావు. అప్పుడు నీకు అయిదేళ్ళు. ఆ ఏడు నేను రెండు నాటుకోళ్ళ కింద నాలుగేసి పెద్దబాతు గుడ్లు పెట్టాను. ఆ గుడ్డు బరువుకు కోడి దాన్ని తిప్పలేదు గనుక, బడికి పోయేముందు ఒకసారి, వచ్చిన తరువాత ఒకసారి, పడుకునేముందు ఒకసారి నేనే చేత్తో తిప్పేదాన్ని. నెల రోజులకు ఏడు పిల్లలు బయటికి వచ్చాయి. నువ్వు వచ్చేసరికి వాటికి రెండు వారాలు. పసుపుపచ్చ నూగుతో, పొట్టలు అటూ ఇటూ ఊపుకుంటూ నా వెంట తిరిగేవి, నాలుగు రోజుల్లో నీ వెంట కూడా తిరగడం నేర్చుకున్నాయి. నువ్వు గునుగు పువ్వు కోయడానికి పోతే వరుసగా నీ వెనుక నడిచి వచ్చి, బతుకమ్మ పేర్చేటప్పుడు తాంబాళం చుట్టూ కూర్చునేవి.

ఆ సమయంలోనే మా చేలో మక్క విరిచాము. కంకులు కల్లంలో ఉండగానే ముసురు పట్టుకుని అయిదారు రోజులు విడవలేదు. ఒలిచి లోపల కుప్పపోసిన గింజలు వేడెక్కాయి. కొన్నింటి మొన దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు కనిపించింది. మా అత్తమ్మ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇవి పారబొయ్యి, కోళ్ళకు కూడా వెయ్యకు" అన్నది. ఆమె బడికి పోలేదు. నేను జీవశాస్త్రం చెప్పే టీచరును. శిలీంధ్రాల పాఠం ఎన్నేళ్ళుగానో బోర్డుమీద బొమ్మ వేసి చెబుతున్నదాన్ని. కడిగితే బూజు పోతుంది, ఎండబెడితే తేమ పోతుంది, ఉడకబెడితే మిగిలింది చస్తుంది, ఇంత కష్టపడి పండించినవి ఎందుకు పారబోయాలి అనుకున్నాను. కడిగాను, రెండు రోజులు ఎండలో పోశాను, పట్టించి మెత్తగా గటక వండాను. చల్లారిన గటకను నువ్వే ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని, నీ చిన్న అరచేతిలోంచి వాటికి తినిపించావు.

అయిదో రోజుకు అవి తినడం మానేశాయి. ఆరో రోజు పొద్దున రెండు పిల్లలు నడవలేక మోకాళ్ళమీద కూలబడ్డాయి. మధ్యాహ్నానికి ఒకదాని మెడ వెనక్కి విల్లులా వంగిపోయింది. కాళ్ళు నీళ్ళలో ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. రెండు రోజుల్లో అయిదు పోయాయి. మిగిలిన రెండూ బతికాయి గాని ఎన్నడూ సరిగ్గా ఎదగలేదు. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి చూపించాడు: కాలేయం ఉబ్బి, పాలిపోయి, పసుపు రంగుకు తిరిగి ఉంది, దానిమీద రక్తపు చుక్కలు ఉన్నాయి. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "మక్కలు తడిసినవేనా అమ్మా?"

బూజు చస్తుంది గాని, బతికినన్నాళ్ళు అది గింజలో విడిచిన విషం చావదని ఆయన ఆ రోజు చెప్పాడు. దాని పేరు అఫ్లటాక్సిన్. కడిగితే పోదు, ఎండకు పోదు, మన పొయ్యిమీద ఉడికించినా విరగదు. మక్కల్లో, పల్లీల్లో, పత్తిగింజల్లో, తేమ, వేడి కలిసిన చోటల్లా అది పుడుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా సీమకోళ్ళు (టర్కీ కోళ్ళు) కారణం తెలియకుండా చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్కలో ఈ విషం దొరికింది. బాతుపిల్లలూ అప్పుడు చనిపోయాయి. బాతుపిల్లలు ఈ విషానికి ఎంత త్వరగా లొంగుతాయంటే, దాణాలో అది ఉందో లేదో తేల్చడానికి ప్రయోగశాలల్లో ఒకరోజు వయసు బాతుపిల్లలకే పెట్టి చూసేవారు. ఇదంతా నేను తరువాత చదువుకున్నాను. మన దేశంలోనే 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో వానకు తడిసిన మక్కలు తిని వంద మందికి పైగా మనుషులు కాలేయం చెడి చనిపోయారని, దాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరిశోధించారని చదివిన రోజున, ఆ గటకలోంచి ఒక ముద్ద నువ్వు నోట్లో పెట్టుకుని ఉంటావా అని తలుచుకుని నా చేతులు వణికాయి.

ఇప్పుడు ముంగిస సంగతి. పిల్లలు పోయిన పొద్దున నువ్వు లేచి, కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వచ్చి, "అత్తా, పిల్లలేవి?" అని అడిగావు. వాటిని జామచెట్టు కింద పాతిపెట్టి అప్పుడే చేతులు కడుక్కుంటున్నాను. నా నోటికి వచ్చింది చెప్పాను, రాత్రి ముంగిస వచ్చిందని. పసిదానివి, నీ చేతితో తినిపించినదే వాటిని చంపిందని నీకు తెలియకూడదు అనుకున్నాను. నా తప్పు నీ ముందు ఒప్పుకునే ధైర్యం లేకపోవడం కూడా అందులో ఉంది, బిడ్డా. ఆ అబద్ధం నీతోపాటే పెరిగి, ఇప్పుడు నీ చేత జానెడు లోతు జాలీ దింపించింది, తడిసిన అర్రలోని సంచుల వైపు మాత్రం చూడనివ్వలేదు. నువ్వు తినిపించావు, అంతే. వండింది నేను. వద్దన్న పెద్దావిడ మాట పెడచెవిన పెట్టిందీ నేనే.

జాలీ ఉండనీ, అది వృథా కాదు. ముంగిసలు, ఊరకుక్కలు, రాత్రిపూట పాములు నిజంగానే ఉన్నాయి. ఆ మూడు సంచుల మక్కలను మాత్రం ఒక్క గింజ కూడా పెట్టకు. పైకి బూజు కనిపించకపోయినా నమ్మకు, విషం కంటికి కనబడదు. మీ నాన్న పారబోయడానికి మనసు రాక బర్రెకు పెడదామంటాడు. అదీ వద్దు, ఆ విషం పాలలోకి దిగుతుంది. లోతుగా గుంట తీసి పూడ్చండి.

దాణా కొత్తగా కొను, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొను. కొన్న దాణాను గోడకు మూరెడు దూరంలో, కింద చెక్కలు పెట్టి, మూత ఉన్న డబ్బాలో ఉంచు. మక్క గింజ పంటి కింద కటుక్కుమనాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టే. పల్లి చెక్క ఈ వానల కాలంలో అసలు వద్దు. తడిపిన దాణాను పూట దాటనివ్వక తీసి పారెయ్యి. మనం పొద్దుటి అన్నం రాత్రికి తిన్నట్టు వాటికి కుదరదు.

మొదటి మూడు వారాలు ఇరవై శాతం మాంసకృత్తులున్న కోడిపిల్లల దాణా, మందు కలపనిది, అడిగి తీసుకో. పెద్దబాతు పిల్ల కోడిపిల్లకన్నా ఎక్కువ తింటుంది గనుక కోడి లెక్కకు కలిపిన మందు దీనికి మోతాదు మించుతుంది. ఒక లోటు కూడా ఉంది. వీటికి నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లలకన్నా దాదాపు రెట్టింపు కావాలి, అది చాలకపోతే కాళ్ళు వంకరపోతాయి. బీరు తయారీలో వచ్చే ఈస్టు పొడి కొంచెం దాణాలో కలుపు. కొత్తగా పట్టించిన తవుడులోనూ అది ఉంటుంది. ఉత్త అన్నం మెతుకులతో పెంచేవాళ్ళను చాలామందిని చూశాను, కాళ్ళు ఈడ్చే పిల్లలనూ వాళ్ళ ఇళ్ళలోనే చూశాను.

మూడు వారాలు దాటగానే బలమైన దాణా తగ్గించి పదిహేను, పదహారు శాతానికి తెచ్చి, గడ్డి పెంచు. ముద్దు చేసి బలంగా మేపితే రెక్క ఈకలు త్వరత్వరగా బరువెక్కి, చివరి కణుపు దగ్గర రెక్క బయటికి తిరిగిపోతుంది. మొదట్లోనే చూస్తే రెక్కను మడిచి మెత్తని గుడ్డతో కొన్నాళ్ళు కట్టి సరిచేయవచ్చు, ముదిరితే అంతే. లేత గరిక, తోటకూర సన్నగా తరిగి వెయ్యి. పొడుగు గడ్డి గొంతుసంచిలో ఉండకట్టుకుంటుంది. పక్కన దొడ్డు ఇసుక పెట్టు. పత్తి చేల గట్ల గడ్డి మాత్రం కోయకు, దానిమీద ఏ మందు కొట్టారో ఎవరూ చెప్పరు. వాకిట్లో గన్నేరు చెట్టు ఉంటే దాని ఆకు రాలే చోటికి పిల్లలను పోనివ్వకు.

ఏ పిల్ల అయినా ఒక పూట తినకపోతే తెల్లవారేదాకా ఆగకు. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, నీకు దగ్గరే. టీకాల సంగతి కూడా అక్కడే అడుగు. బాతులకు వచ్చే ప్లేగు పెద్దబాతులకూ వస్తుంది. ఇవి ఇరవై ఏళ్ళు బతికే ప్రాణులు, రేపు నీ పెళ్ళయి ఏ ఊరు పోయినా వాటి మాట ముందే అనుకోవాలి.

నేను శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. ఆరబెట్టిన కొత్త మక్కలు ఒక చిన్న సంచి, నీ కోసం సకినాలు తెస్తాను. నేను వచ్చేసరికి వెనుక అర్ర ఖాళీగా ఉండాలి. ఆ రోజు గురించి నన్ను ఏమి అడగాలన్నా అడుగు, ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాను.

ఇట్లు,
మీ అత్త